ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆపరేషన్: ఇమ్యునోథెరపీ ముందా, తర్వాతా?

ఊపిరితిత్తిలో క్యాన్సర్ పట్టిన భాగాన్ని తీసేశాక ఛాతీలో చీము పట్టడమంటే సర్జన్లకు హడల్. జ్వరం తగ్గదు, గొట్టం వారాల తరబడి ఉంచాలి, ఒక్కోసారి మళ్లీ కోయాల్సి వస్తుంది. అలాంటిది, చీము పట్టినవాళ్లే పట్టనివాళ్లకంటే ఎక్కువ కాలం బతికారని 1972లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ వైద్యులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. బ్యాక్టీరియా మీదికి లేచిన రోగనిరోధక వ్యవస్థ, పక్కనే మిగిలిపోయిన క్యాన్సర్ కణాలను కూడా పట్టుకుందేమోనని వాళ్ల ఊహ. రోగనిరోధక వ్యవస్థనే క్యాన్సర్ మీదికి ఎగదోసే వైద్యం, అంటే ఇమ్యునోథెరపీ, వెనక ఉన్న ఆలోచన ఇదే. అయితే కేసులు కొద్ది. పైగా ఆలస్యంగా చీము పట్టాలంటే రోగి అప్పటిదాకా బతికి ఉండాలి కదా. ఆ లెక్క ఒక్కటే ఫలితాన్ని కొంత వంచగలదు. తర్వాతి పరిశీలనల్లో కొన్ని అవునన్నాయి, కొన్ని కాదన్నాయి.

చీమును కావాలని తెప్పించలేరు కాబట్టి దాని బదులు క్షయ టీకాను వాడి చూశారు. ఆపరేషన్ అయ్యాక ఛాతీలోకి ఒకే డోసు బీసీజీ, సుమారు కోటి సజీవ బ్యాక్టీరియా ఎక్కించారు. అవి అదుపు తప్పకుండా రెండు వారాల తర్వాత ఐసోనియాజిడ్ అనే క్షయ మందు మొదలుపెట్టారు. తొలి దశ రోగుల్లో మేలు కనిపించిందని 1976లో లాన్సెట్‌లో వచ్చింది. అనేక ఆసుపత్రులు కలిసి పెద్ద ఎత్తున పరీక్షించేసరికి ఆ మేలు నిలవలేదు.

ఆ తర్వాత క్యాన్సర్ కణాల మీద ఉండే ప్రోటీన్లనే గురిపెట్టిన టీకాల వంతు వచ్చింది. అలాంటి ఒక ప్రోటీన్ మేజ్-ఏ3. దాని టీకా కోసం 13,849 మందిని పరీక్షించి, ఆపరేషన్ అయిన 2,272 మందిని ఎంచుకున్నారు. 27 నెలల్లో 13 ఇంజెక్షన్లు. జబ్బు తిరగబెట్టకుండా గడిచిన కాలం టీకా వేసినవాళ్లలో 60.5 నెలలు, వేయనివాళ్లలో 57.9. గణాంకాల లెక్కలో ఇది తేడా కిందికి రాదు.

ఎందుకు పనిచేయలేదు? నా దృష్టిలో చిక్కు మందులో కన్నా వేళలో ఎక్కువ ఉంది. క్యాన్సర్‌ను గుర్తుపట్టడం టి కణాలు (రోగనిరోధక వ్యవస్థలో ఒక రకం రక్షక కణాలు) నేర్చుకునేది కణితి దగ్గరి లింఫ్ గ్రంథుల్లో. ఆపరేషన్‌లో కణితితో పాటు ఆ గ్రంథుల్లో చాలా భాగం వెళ్లిపోతాయి. నేర్చుకోవడానికి సరుకూ లేదు, చోటూ లేదు. దానికి తోడు కోత వల్ల కార్టిసాల్, అడ్రినలిన్ అనే ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి, లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు తగ్గుతాయి, సహజ హంతక కణాల పని కొన్ని రోజులపాటు మందగిస్తుంది.

2008లో పారిస్ పరిశోధకులు తొలి దశలో ఆపరేషన్ అయిన 74 మంది కణితులను సూక్ష్మదర్శిని కింద చూశారు. కొన్నిటి లోపల చిన్న లింఫ్ గ్రంథిలాంటి ముద్దలున్నాయి: మధ్యలో బి కణాల (మరో రకం రక్షక కణాలు) గుండు, చుట్టూ టి కణాలు, వాటి మధ్య, శత్రువును టి కణాలకు చూపించే పరిణత డెండ్రైటిక్ కణాలు. ఆ కణాలు దండిగా ఉన్నవాళ్లు ఎక్కువ కాలం బతికారు. అంటే యుద్ధం కత్తి పడకముందే లోపల నడుస్తోంది. దాన్ని అడ్డుకునే బ్రేకు తీయాలంతే. 1992లో జపాన్‌లో హొంజో బృందం కనుగొన్న, టి కణాల మీద ఉండే పీడీ-1 అనే ప్రోటీన్ ఆ బ్రేకేనని అప్పటికి తెలుస్తోంది.

బ్రేకు తీసి చూసిన చిన్న ప్రయోగం 2018లో బయటికొచ్చింది. ఆపరేషన్‌కు ముందు 21 మందికి రెండు వారాల తేడాతో పీడీ-1ను అడ్డుకునే నివొలుమాబ్ మందు రెండు డోసులు ఇచ్చారు. సీటీ స్కాన్‌లో కణితి చెప్పుకోదగ్గంత తగ్గింది ఇద్దరికే. కానీ కోసి చూస్తే, 20 మందిలో 9 మందికి మిగిలిన సజీవ కణితి 10 శాతం లోపే. స్కాన్‌లో గడ్డలా కనిపించింది చాలావరకు రక్షక కణాలూ మచ్చ కణజాలమూ. అందుకే ఇక్కడ ఆఖరి మాట పెథాలజిస్టుదే. 3 సెం.మీ. లోపు కణితి అయితే మొత్తాన్నీ గాజుపలకల మీదికి ఎక్కించాలి. సజీవ కణితి, చచ్చిన భాగం, మచ్చ, ఈ మూడింటి శాతాలు కలిపితే వంద రావాలి. ఆ మచ్చ భాగాన్ని మామూలు కణజాలమనుకుని లెక్కలోంచి తీసేస్తే హారం తగ్గి, సజీవ శాతం ఎక్కువగా తేలుతుంది.

358 మందితో చేసిన చెక్‌మేట్-816 అనే ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి. కీమోతో కలిపి 360 మి.గ్రా. నివొలుమాబ్, మూడు వారాలకోసారి మూడు విడతలు, ఆ తర్వాత ఆరు వారాల్లోపు ఆపరేషన్. సజీవ క్యాన్సర్ కణం ఒక్కటీ మిగలనివాళ్లు 24 శాతం; కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లలో 2.2. ఐదేళ్లకు బతికున్నవాళ్లు 65.4 శాతం, అటు 55.

పొరపాట్లు జరిగేది ఎక్కువగా మందుకూ ఆపరేషన్‌కూ మధ్య కాలంలోనే. మందు తర్వాత లింఫ్ గ్రంథులు ఉబ్బితే స్కాన్‌లో క్యాన్సర్ పాకినట్టే కనిపిస్తుంది. సూది పెట్టి చూస్తే కొన్నిసార్లు ఉండేది రక్షక కణాల గుంపులే. బయాప్సీ చేయకుండా ఆపరేషన్ రద్దు చేస్తే నయమయ్యే రోగిని వదులుకున్నట్టే. థైరాయిడ్, అడ్రినల్ గ్రంథులు దెబ్బతినొచ్చు కాబట్టి మత్తు ఇచ్చేముందు టీఎస్‌హెచ్, ఉదయపు కార్టిసాల్ అనే హార్మోన్ల స్థాయి చూసుకోవాలి. ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే జన్యువుల్లో మార్పుల పరీక్ష మొదటి డోసుకు ముందే జరగాలి: ఆ మార్పులున్నవాళ్లకు ఈ మందు పెద్దగా పనిచేయదు. అంతేకాదు, ఇది పడ్డాక కొద్ది రోజులకే ఈజీఎఫ్‌ఆర్ మార్పున్నవాళ్లకిచ్చే ఒసిమెర్టినిబ్ మొదలుపెడితే ఊపిరితిత్తుల వాపు ప్రమాదం పెరుగుతుంది.

ఇక ఆపరేషన్ తర్వాత సంగతి. కీమో అయ్యాక ఏడాదిపాటు ఇచ్చే, ఇలాగే బ్రేకు తీసే అటెజొలిజుమాబ్‌కు అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది. అదే కోవలోని దుర్వాలుమాబ్ 2024లో తేలిన ప్రయోగంలో నెగ్గలేదు. ఇలాంటిదే మరో మందు పెంబ్రొలిజుమాబ్‌ను ఆపరేషన్‌కు ముందు నాలుగు, తర్వాత పదమూడు విడతలుగా ఇస్తున్నారు. కోసిన ముక్కలో సజీవ కణమే కనిపించని రోగికి ఆ పదమూడూ అవసరమా అన్నదాని మీదే ఇప్పుడు క్యాన్సర్ వైద్యులు కలిసి చర్చించే ట్యూమర్ బోర్డుల్లో వాదన.