ఎర్ర ఇటుకా, సిమెంటు ఇటుకా, తెల్ల బ్లాకా? అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం చుట్టుపక్కల చాలా ఏళ్లుగా ఇళ్లు కట్టిస్తున్నాను. పునాది మీద ప్లింత్ బీమ్ పోయడం అయ్యిందో లేదో ఇంటివారు అడిగేది ఇదే: "బాబూ, ఏ ఇటుక తెప్పించమంటారు?" మూడు రకాలతోనూ మంచి గోడలు లేపాం. మూడు రకాలతోనూ పాడైన గోడలూ చూశాను. తేడా ఎక్కువగా నీళ్ల దగ్గరే వచ్చింది. ఇటుక ఎంత నీరు తాగుతుంది, కట్టేముందు దాన్ని ఎంత తడపాలి, కట్టాక ఎన్నాళ్లు తడపాలి అన్నవి తెలిస్తే సగం టెన్షన్ తీరుతుంది.

అపోహ: ఎర్ర ఇటుకను తట్టితే ఖంగున మోగితే చాలు.

మోగితే బాగా కాలిందని తెలుస్తుంది. నీళ్లు ఎంత తాగుతుందో తెలియదు. బట్టీ మధ్యలో కాలిన ఇటుకకూ అంచున కాలినదానికీ చాలా తేడా ఉంటుంది కాబట్టి లోడులో నాలుగు చోట్ల నుంచి నాలుగు ఇటుకలు తీయండి. బాగా ఎండబెట్టి, కాటా మీద తూచి, 24 గంటలు బకెట్‌లో ముంచండి. పైతడి తుడిచి మళ్లీ తూచండి. 3 కిలోల ఇటుక 3.6 కిలోలు దాటకూడదు. మామూలు ఇటుకకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన హద్దు 20 శాతం. ఈ పరీక్షకు ల్యాబ్ అక్కర్లేదు, ఒక రోజు ఓపిక చాలు.

కట్టేముందు ఎర్ర ఇటుకను తొట్టిలో బుడగలు ఆగేదాకా నానబెట్టాల్సిందే. పొడి ఇటుక మాలులోని (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్ద) నీటిని పీల్చేస్తుంది. అప్పుడు సిమెంటు గట్టిపడదు, వేలితో గీకితే ఇసుకలా రాలుతుంది.

అపోహ: సిమెంటు ఇటుక బూడిదతో చేసింది, వానకు కరిగిపోతుంది.

మనవాళ్లు సిమెంటు ఇటుక అనేది ఫ్లై యాష్ ఇటుకనే. పరవాడలోని సింహాద్రి లాంటి థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాలాక మిగిలే సన్నని బూడిద, సున్నంతోనో సిమెంటుతోనో కలిసి, నీరు తగిలే కొద్దీ బిగుస్తుంది. కరగడం అన్న మాటే లేదు. అయితే రెండు మూడు వారాలు తడపకుండా పచ్చి ఇటుకే లారీ ఎక్కించేవాళ్లు ఉన్నారు. అది గోడలో ఉండగా కుంచించుకుపోయి పగుళ్లు తెస్తుంది. ఎప్పుడు పోశారో అడగండి. అంచును గోటితో గీకి చూడండి. పొడి రాలితే లోడు దింపుకోకండి.

అపోహ: తెల్ల బ్లాకు తేలిక, కాబట్టి బలం లేదు.

పిల్లర్లు వేసి కట్టే ఇంట్లో బరువు మోసేది పిల్లర్లూ బీములూ. గోడ తన బరువు తాను మోస్తే చాలు. తెల్ల బ్లాకు అంటే ఏఏసీ, లోపల గాలి బుడగలుండే తేలిక కాంక్రీటు బ్లాకు. రెండడుగుల పొడవు, ఎనిమిదంగుళాల ఎత్తు, ఎనిమిదంగుళాల మందం ఉన్నది సుమారు 15 కిలోలు. అంత చోటులో ఎర్ర ఇటుక గోడ 40 కిలోలు దాటుతుంది. కాకపోతే దీన్ని ఎర్ర ఇటుకలా నానబెడితే పని చెడిపోతుంది. పైపైన నీళ్లు చిలకరించి, బ్లాకుల గమ్‌తో సన్నని జాయింటు వేసి కట్టాలి. పిల్లరూ గోడా కలిసే చోట మెష్ (సన్న జాలీ) కొట్టకుండా ప్లాస్టింగ్ చేస్తే నిలువు పగులు వస్తుంది. గీజర్ తగిలించడానికి మామూలు ప్లగ్గు పట్టదు, బ్లాకులకని వచ్చే ఫాస్టెనర్ కావాలి.

అపోహ: తొమ్మిదంగుళాల గోడ కడితే తుపానుకు భయం లేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక, సోంపేట వైపు ఒకరి ఇల్లు చూడటానికి వెళ్లాను. తొమ్మిదంగుళాల గోడ, ఇటుక మంచిదే. అయినా సముద్రం వైపు గదిలో గోడంతా నెమ్మెక్కి ఉంది. తడిసిన చోట ప్లాస్టింగ్ చెక్కించి, ఇటుకకూ ఇటుకకూ మధ్య సన్నని చువ్వ పెడితే నాలుగంగుళాలు లోపలికి వెళ్లిపోయింది. ఇటుక కింద మాలు పరిచారు గానీ నిలువు జాయింట్లు నింపలేదు. గాలివాన కొట్టిన నీరంతా ఆ ఖాళీల్లోంచే వచ్చింది. అప్పటి నుంచి ప్రతి సైటులోనూ నాలుగు వరసలకోసారి నిలువు జాయింట్లు నేనే చూస్తాను. చూసేవాళ్లుంటే మేస్త్రీలు శ్రద్ధగానే నింపుతారు.

అపోహ: మాలులో సిమెంటు ఎంత ఎక్కువైతే అంత గట్టి.

కాదు. సిమెంటు ఎక్కువైతే మాలు ఆరేటప్పుడు ఎక్కువ కుంచించుకుపోయి పగులుతుంది. తొమ్మిదంగుళాల గోడకు సిమెంటు ఒకటికి ఇసుక ఆరు, నాలుగున్నర అంగుళాల గోడకు ఒకటికి నాలుగు. కట్టాక కనీసం ఏడు రోజులు తడపాలి. మిగిలిన సిమెంటు డబ్బు నీళ్లు కొట్టే మనిషికి ఇవ్వండి.

కళింగపట్నం, భావనపాడు, పూసపాటిరేగ లాంటి తీరపు ఊళ్లలో కట్టేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. అక్కడ గోడకు ఉప్పు పూస్తే అందరూ ఇటుకనే తిడతారు. చాలాసార్లు ఉప్పు వచ్చేది ఇసుక నుంచి, బోరు నీటి నుంచి, పునాది కింది తడి నుంచి. దగ్గర్లో దొరికిందని సముద్రపు ఇసుక వాడొద్దు. డ్రమ్ముల్లో కడిగితే ఉప్పు పోయిందని నమ్మలేం. నాగావళి, వంశధార ఇసుకే తెప్పించుకోండి. బోరు నీరు నోట్లో ఉప్పగా తగిలితే మాలుకు ట్యాంకరు పిలవండి. ప్లింత్ మీద డీపీసీ (కింది తడి పైకి ఎక్కకుండా ఆపే పొర) వేశాకే మొదటి వరస ఎత్తండి.