కారు ఆయిల్ మార్చే ముందు కొనవలసిన మూడు వస్తువులు

కారు ఇంజిన్ ఆయిల్‌ను ఇంటి దగ్గరే మార్చుకోదలచినవారు ముందుగా కొనవలసినవి మూడే: ఆయిల్, ఫిల్టరు, డ్రెయిన్ బోల్టు (పాత ఆయిల్ దించడానికి విప్పే బోల్టు) కింద వేసే వాషరు. మార్చడం గంట పని. సరైనవి ఎంచుకోవడానికే ఎక్కువ ఆలోచన కావాలి.

స్పేర్ పార్టుల దుకాణాల్లో తరచుగా వినిపించే సలహా ఒకటుంది: మన ఎండలకు పలచటి ఆయిల్ ఆగదు, చిక్కటిది పోయండి. ఇది ఎందుకు పొరపాటో తెలియాలంటే డబ్బా మీది అంకెలను చదవాలి. 5డబ్ల్యూ-30 అనే గ్రేడ్‌లో డబ్ల్యూ అంటే వింటర్, అంటే శీతాకాలం. దాని ముందున్న 5, మైనస్ 30 డిగ్రీల చలిలో కూడా ఇంజిన్ తిరగగలిగేంత పలచగా ఆయిల్ ఉంటుందని చెబుతుంది. చివరి 30, 100 డిగ్రీల సెల్సియస్ వద్ద దాని స్నిగ్ధత, అంటే చిక్కదనం, 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్‌ల (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) మధ్య ఉంటుందని చెబుతుంది. రెంటచింతలలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటినా, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంట్ వేడిని థర్మోస్టాట్ అనే కవాటం సుమారు 90 డిగ్రీల దగ్గర నిలుపుతుంది కనుక, ఆయిల్ పనిచేసే వేడి బయటి ఎండను బట్టి పెద్దగా మారదు. పైగా ఇదే ఆయిల్ 40 డిగ్రీల వద్ద, 100 డిగ్రీల వద్ద ఉన్నదాని కంటే దాదాపు ఆరు రెట్లు చిక్కగా ఉంటుంది. అంటే నడివేసవిలో బండి స్టార్ట్ చేసినా అప్పటికి ఆయిల్ అవసరానికి మించి చిక్కగానే ఉన్నట్టు. ఇంకా చిక్కటిది పోస్తే సన్నటి దారుల గుండా పైభాగాలకు చేరడం ఆలస్యమవుతుంది, ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. కారుతో వచ్చిన మాన్యువల్‌లో ఒకటి కంటే ఎక్కువ గ్రేడ్‌లు ఇచ్చి ఉంటే వాటిలోనే ఎంచుకోవాలి.

గ్రేడ్ ఒక్కటే చాలదు. పెట్రోల్ ఇంజిన్లకు 2020లో వచ్చిన ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్పీ ప్రమాణం టైమింగ్ చైన్ అరుగుదలను కూడా పరీక్షిస్తుంది. ఎగ్జాస్ట్‌లో మసిని పట్టే ఫిల్టరున్న బీఎస్6 (కాలుష్య నియంత్రణ ప్రమాణం) డీజిల్ కార్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఆయిల్‌లోని లోహ సంకలితాలు కాలగా మిగిలే బూడిద ఆ ఫిల్టరులోనే పేరుకుపోతుంది. మసిలాగా అది కాలిపోదు. అందుకే వాటికి బూడిద తక్కువగా మిగిల్చే ఆయిల్, మాన్యువల్ అడిగితే ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదారుల సంఘం) సీ3 ప్రమాణం వంటిది, తప్పనిసరి.

ఆయిల్ ఫిల్టరును చూపుతో పోల్చి కొనకూడదు. మర, రబ్బరు రింగు సరిపోయిన రెండు ఫిల్టర్ల లోపలి కవాటాలు వేరుగా ఉండవచ్చు. ఇంజిన్ ఆగినప్పుడు ఆయిల్ వెనక్కి జారకుండా ఒక కవాటం ఆపుతుంది. అది బలహీనమైతే ఉదయం స్టార్ట్ చేయగానే కొన్ని క్షణాలు ఇంజిన్ గడగడలాడుతుంది. ఫిల్టరు పూడుకుపోతే ఆయిల్ వడగట్టకుండానైనా సాగేలా దారి ఇచ్చే బైపాస్ కవాటం మరొకటి, అది ఏ ఒత్తిడికి తెరుచుకోవాలో ఇంజిన్‌ను బట్టి నిర్ణయిస్తారు. కనుక పార్ట్ నంబరు చెప్పి అడగడమే సరైన పద్ధతి.

అన్నిటికంటే చవకైనది వాషరు, నేను అందరికీ పట్టుబట్టి చెప్పేదీ దాని గురించే. మెత్తటి రాగి లేదా అల్యూమినియం వాషరు బిగించినప్పుడు నలిగి సందులను పూడుస్తుంది. పాతదాన్నే వేస్తే ఆయిల్ చెమ్మ కనిపిస్తుంది, ఆపాలని ఇంకా బిగిస్తాము, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే అల్యూమినియం ఆయిల్ పాన్‌లో మర చెడిపోతుంది. కొన్ని రూపాయల వాషరు కొనకపోవడం వల్ల పాన్‌నే మార్చవలసి రావచ్చు.

ఇక ఆయిల్ పరిమాణం. మాన్యువల్‌లో ఫిల్టరుతో కలిపి, ఫిల్టరు లేకుండా అని రెండు అంకెలుంటే, ఫిల్టరుతో కలిపి ఇచ్చిన లెక్క ప్రకారమే కొనాలి.