పగడానికి తూము ఎంత తెరవాలి?

"బాబాయ్, కోరల్‌ని రాళ్ల పైన పెట్టాలా, కింద పెట్టాలా?" అని మా అన్నయ్య కొడుకు ఫోన్ చేశాడు. వాడుండేది అమెరికాలో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. హాల్లో 150 లీటర్ల ఉప్పునీటి తొట్టి పెట్టాడు. రెండు నెలలు ఉత్త నీళ్లూ రాళ్లే ఉంచి, తొట్టి కుదురుకున్నాక హామర్ కోరల్ అనే పగడం ఒకటి తెచ్చుకున్నాడు. సుత్తి తలల్లాంటి కొసలతో, ఆకుపచ్చగా, అరచేతిలో ఇమిడేంత ముక్క. ముచ్చటపడి, వచ్చినవాళ్లందరికీ కనబడాలని దాన్ని రాళ్ల గుట్ట కొసన, సరిగ్గా లైటు కింద నిలబెట్టాడు. పది రోజులకు అది ముడుచుకుపోయింది. రంగు పాలిపోయి, కండలోంచి లోపలి ఎముక తెల్లగా కనబడసాగింది. "ఆకలేమో అనుకుని లైటు ఇంకాస్త పెంచాను బాబాయ్" అన్నాడు.

నాకు గుండె గుభేలుమంది. "ముందు ఆ లైటు సగానికి తగ్గించరా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను.

నీళ్ల సంగతి ఇక్కడ ఎత్తుకోను. ఉప్పు వెయ్యికి 35 పాళ్లు, వేడి 25, 26 డిగ్రీలు, అమోనియా సున్నా, క్షారగుణం ఏ రోజు చూసినా ఒకేలా ఉండాలి. ఇవి ఏ కరదీపిక తిరగేసినా దొరుకుతాయి. నన్ను ఏళ్ల తరబడి పట్టుకుని వదలనిది వెలుతురు సంగతి.

పగడం జంతువు. నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పిన రోజుల్లో పాఠం ఇలా నడిచేది: హైడ్రా బొమ్మ, దంశకణాలు, పాలిప్‌కీ మెడూసాకీ తేడాలు, చివర్న "ఇవి ప్రవాళభిత్తికలను ఏర్పరచును" అని పగడాల దిబ్బల గురించి ఒక వాక్యం. పిల్లలు బట్టీపట్టి రాసేసేవారు, మేము మార్కులు వేసేసేవాళ్లం. ఆ జంతువుకు అన్నం పెట్టేది ఎవరన్న ప్రశ్న ఎక్కడా వచ్చేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది.

పగడం కణాల లోపల ఏకకణ శైవలాలు కాపురముంటాయి. మనం నాచు అనే జాతివే, కాకపోతే కంటికి కనబడనంత చిన్నవి. చదరపు సెంటీమీటరు చర్మంలో పది లక్షలు, ఒక్కోసారి అంతకు మించి కూడా ఉంటాయి. 1928-29లో ఆస్ట్రేలియా పక్కనున్న పగడాల దిబ్బ గ్రేట్ బారియర్ రీఫ్‌కు బ్రిటిష్ బృందాన్ని నడిపించిన సి.ఎం. యంగ్, ఈ నాచు పగడానికి తిండి పెడుతుందంటే ఒప్పుకోలేదు. పగడం మాంసాహారి, నాచు దాని వ్యర్థాలను ఎత్తిపోస్తుందంతే అన్నది ఆయన మాట. 1958లో లెనార్డ్ మస్కటీన్, కేడెట్ హ్యాండ్ కలిసి పగడాలకు దగ్గరి చుట్టమైన సీ అనిమోన్ మీద రేడియోధార్మిక కార్బన్‌తో ప్రయోగం చేశారు. నాచు పట్టిన కార్బన్ జంతువు కండలోకి చేరడం కళ్లకు కట్టింది. వెలుతురు బాగా ఉన్నచోట పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా నాచే ఇవ్వగలదని తర్వాతి లెక్కలు చెప్పాయి. కాబట్టి మావాడి ప్రశ్న నిజానికి నాచు గురించి: దానికి ఎంత ఎండ అలవాటు, ఎంత ఎండ తట్టుకుంటుంది?

మాది గోదావరి కాలువ కింద పొలం. నాకు ఈ సంగతి కాలువ భాషలోనే బోధపడింది.

వెలుతురు కాలువలో నీరనుకోండి. నాచు కణం ఒక వరి మడి. నీటిని లోపలికి తీసుకునే తూము పత్రహరితం, దానికి తోడు నాచుకు గోధుమ ఛాయ తెచ్చే పెరిడినిన్ అనే వర్ణకం. మడిలో వరి నీరు తాగడమంటే కార్బన్ డయాక్సైడును చక్కెరగా మార్చే పని. కాలువ సన్నగా పారే శివారులో రైతు ఏం చేస్తాడు? తూము వెడల్పు చేయించుకుంటాడు. లోతునీళ్లలో, బండ నీడలో పెరిగిన నాచూ అదే చేస్తుంది. ఒక్కో కణంలో వర్ణకాలు ఎక్కువెక్కువ పోగేసుకుంటుంది. నీడలో పెరిగిన పగడం ముదురు గోధుమరంగులో ఉండేది అందుకే.

ఇప్పుడా వెడల్పు తూము ఉన్న మడిని తెచ్చి, నిండుగా పారే కాలువ తల దగ్గర పెట్టండి. మావాడు చేసిందదే. దుకాణంలో ఆ ముక్క తొట్టి అడుగున, మసక నీలం లైటు కింద ఉండేదట.

మడికి మించి నీరు వస్తే ముందు మురుగు కాలువ తెరుచుకుంటుంది. నాచులో డయాడినోజాంథిన్ అనే వర్ణకం నిమిషాల్లో డయాటోజాంథిన్‌గా మారి, అక్కర్లేని శక్తిని వేడి రూపంలో బయటికి వదిలేస్తుంది. ఎండ తగ్గాక మళ్లీ మొదటి రూపానికి వస్తుంది. సముద్రంలో మబ్బు వెళ్లి ఎండ పడినప్పుడల్లా ఇది జరుగుతూనే ఉంటుంది. ఆ మురుగు కాలువా చాలకపోతే గట్టు కోసుకుపోతుంది. వెలుతురును వాడుకునే ఫోటోసిస్టమ్ 2 అనే యంత్రాంగం నడుమ డీ1 అనే ప్రొటీన్ ఉంది. వెలుతురు దెబ్బ మొదట తగిలేది దానికి. ఇందులో వింతేమీ లేదు, మన పెరట్లో చిక్కుడాకులో కూడా డీ1 రోజూ తెగుతుంది, రోజూ కొత్తది తయారై అతుక్కుంటుంది. పూడ్చే వేగాన్ని తెగే వేగం మించిపోయిన రోజే ముప్పు. నీళ్లు వేడెక్కితే పూడ్చే పని మందగిస్తుంది. ఎండాకాలం సముద్రం కాస్త వేడెక్కినా పగడాల దిబ్బలు మైళ్ల కొద్దీ తెల్లబడటం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి.

గట్టు తెగిన నీరు ఊరిమీద పడుతుంది కదా. ఇక్కడ దారితప్పిన ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌ను పట్టుకుని సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేస్తాయి. పెరాక్సైడ్ నాచు గోడ దాటి జంతువు కణంలోకి కారుతుంది. ఆ విషాన్ని భరించలేక జంతువు తనకు అన్నం పెట్టే నాచునే బయటికి నెట్టేస్తుంది. బ్లీచింగ్ అని వార్తల్లో వినే మాట ఇదే. మావాడి హామర్ అప్పటికి సగం దారిలో ఉంది.

మామూలుగా వెలుతురు చాలని పగడం నల్లబడుతుంది, వెలుతురు ఎక్కువైన పగడం పాలిపోతుంది. పాలిపోయిన దానికి లైటు పెంచడమంటే గండి పడ్డ మడికి తూము ఇంకాస్త ఎత్తడం.

కంటితో చూసి వెలుతురు అంచనా వేద్దామంటే కుదరదు. మన కన్ను పదింతల తేడాను కూడా సర్దుకుపోతుంది. పైగా నీలం కాంతి మనకు మసకగా తోస్తుంది, నాచుకేమో అదే ఇష్టం. సముద్రపు నీరు ఎరుపును మొదటి మీటర్లలోనే మింగేస్తుంది, లోతుకు చేరేది నీలమే. అందుకని మావాడు ఎవరి దగ్గరో వెలుతురు కొలిచే పార్ మీటరు అరువు తెచ్చాడు. వీడియో కాల్‌లో నేను చూస్తుండగా సెన్సరును నీళ్లలో ముంచి ఒక్కోచోట ఆపాడు. తగ్గించక ముందున్న లైటులో గుట్ట కొసన 340. జానెడు కిందికి, కాస్త పక్కకు దించితే 170. ఇసుక మధ్యలో 110. వెనక మూల బండ నీడలో 45. అంత చిన్న తొట్టిలో, మూరెడు దూరంలో, ఏడింతల తేడా! వాడు నోరెళ్లబెట్టాడు.

ఆ అంకె అర్థం ఇది: 400 నుంచి 700 నానోమీటర్ల మధ్యనున్న ఫోటాన్లు, అంటే వెలుతురు కణాలు, చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోల్స్ పడుతున్నాయో అది. ఒక్క మైక్రోమోల్ అంటే 6 పక్కన 17 సున్నాలు. మిట్టమధ్యాహ్నం ఉష్ణమండల సముద్రం పైన అది 2000 దాకా పోతుంది. రోజు మొత్తం కూడా లెక్కే: 150 చొప్పున 8 గంటలు పడితే 4.3 మోల్స్ (మోల్ అంటే పది లక్షల మైక్రోమోల్స్), 340 చొప్పున అదే 8 గంటలకు 9.8 మోల్స్. హామర్‌కు 80 నుంచి 150 చాలు. అడుగున మూలల్లో పుట్టగొడుగు పగడాలు పెట్టుకుంటే 50తో కూడా హాయిగా బతుకుతాయి. కొత్తవాళ్లు ఆక్రోపోరా అనే పగడం జోలికి ఏడాది దాకా పోకపోవడం మేలు, దానికి 250 పైచిలుకు కావాలి, నీటి గుణంలో చిన్న తేడా వచ్చినా ఊరుకోదు.

ఏ ముక్క తెచ్చినా ముందు ఇసుక మీదే పెట్టాలి, లైటు సగంలో ఉంచాలి. తూము సన్నం చేసుకోవడానికి, అంటే వర్ణకాలు తగ్గించుకోవడానికి, నాచుకు రెండు మూడు వారాలు పడుతుంది. ఆ తర్వాత వారానికి నాలుగు వేళ్ల చొప్పున పైకి జరపొచ్చు. తక్కువ వెలుతురులో పగడం నెలలు ఓపిక పడుతుంది, ఎక్కువ వెలుతురులో వారాల్లో పోతుంది. ఇసుక మీద పళ్లెంలా కూర్చునే ట్రాకీఫిలియా లాంటి మెదడు పగడాలైతే అసలు పైకి జరపనే అక్కర్లేదు. వాటిని గరుకు రాయి మీద ఎక్కిస్తే ఉబ్బినప్పుడల్లా కండ చిరుగుతుంది.

వెలుతురు తర్వాత నీటి కదలిక. అది ఈ కథలో భాగమే. నాచు పగలంతా ఆక్సిజన్ తయారుచేస్తుంది. సూదిమొన కన్నా సన్నని ఎలక్ట్రోడులు గుచ్చి చూస్తే, వెలుతురులో పగడం కండలో ఆక్సిజన్ మామూలు నీటికన్నా రెండున్నర రెట్లు దాకా కనబడింది. లైటు ఆపిన నిమిషాల్లో దాదాపు సున్నాకు పడిపోయింది. ఆక్సిజన్ ఎక్కువైతే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ ఈ నాచులో కార్బన్‌ను పట్టే రుబిస్కో ఎంజైము రెండో రకానిది, కార్బన్ డయాక్సైడుకూ ఆక్సిజన్‌కూ తేడా సరిగా పట్టలేదు. చుట్టూ ఆక్సిజన్ ముసురుకుంటే దాన్నే పట్టుకుని పని పాడుచేసుకుంటుంది. ఆ ఆక్సిజన్‌ను కడిగేసేది పారే నీరు. కదలని నీటిలో పగడం చర్మాన్ని అంటి ఒక నిశ్చలమైన పొర ఉంటుంది, గాలి ఆడని పెరట్లో తడిబట్ట చుట్టూ ఉన్నట్టు.

జీనియా అనే మెత్తటి పగడం చేతుల్లాంటి టెంటకిల్స్‌ను రాత్రింబవళ్లు మూస్తూ తెరుస్తూ ఉంటుంది. నిమిషం చూస్తే చాలు, కళ్లు తిప్పుకోలేం. అంత శక్తి ఖర్చుపెట్టి ఎందుకు ఆడిస్తోందన్నది చాలా కాలం చిక్కుముడి. దాని దగ్గరి చుట్టం హెటెరోజీనియా మీద ఎర్రసముద్రంలో పరిశోధన చేసిన ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 2013లో జవాబు ప్రకటించారు: ఆ చేతులు ఆడటం వల్ల ఆక్సిజన్ కొట్టుకుపోయి, కిరణజన్య సంయోగక్రియ ఎన్నో రెట్లు పెరుగుతోంది. తన మురుగు తనే తోడిపోసుకుంటోందన్నమాట! అందుకని జీనియాను పంపు ముందు పెట్టే పని లేదు. హామర్‌కు మాత్రం టెంటకిల్స్ మెల్లగా ఊగేంత కదలిక కావాలి. పంపు నీటి ధార సూటిగా కొడితే కండ ఎముక అంచుకు రాసుకుని తెగుతుంది.

ఇరుగుపొరుగు గొడవ కూడా చూసుకోవాలి. పగలు ముద్దుగా కనిపించే హామర్, రాత్రి పొడవాటి కుట్టే టెంటకిల్స్ చాస్తుంది. చుట్టూ జానెడు ఖాళీ ఉంచాలి. 1970ల మొదట్లో జమైకాలో జూడిత్ లాంగ్ పరిశీలించినదాన్ని బట్టి, కొన్ని పగడాలు కడుపులోని తీగలను బయటికి చాచి పక్కదాన్ని అక్కడికక్కడే అరిగించుకుంటాయి. ఒకే జాతి అనుకున్న రెండు స్కోలీమియా పగడాలు పక్కపక్కన పెడితే ఒకటి మరోదాన్ని తినేసింది, అలా అవి వేరు జాతులని తేలింది. ఆకుపచ్చ స్టార్ పాలిప్ అనే మెత్తటి పగడానికి కుట్టే గుణం తక్కువే, అయినా చాపలా పాకి అన్నిటినీ కప్పేస్తుంది. దాన్ని విడిరాయి మీద, ఇసుక మధ్యలో, దీవిలా ఉంచడం మంచిది.

పగడాలకు చుట్టాలైన జొవాంథిడ్లు రంగురంగుల బొత్తాముల్లా ఉండి కొత్తవాళ్లను ఊరిస్తాయి. కొన్నిటిలో, ముఖ్యంగా పాలితోవా అనే రకంలో, పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. చేతితొడుగులు, కళ్లద్దాలు లేకుండా వాటిని కోయకూడదు, వాటిమీద వేడినీళ్లు పోయకూడదు. హవాయిలో మావీ ద్వీపంలోని హానా దగ్గర ఒక మడుగులో పెరిగే విషపు నాచును ముట్టుకుంటే కీడని అక్కడివారి నమ్మకం. 1961 డిసెంబర్ 31న శాస్త్రవేత్తలు దాన్ని సేకరించారు. అదే రోజు వాళ్ల సముద్ర ప్రయోగశాల భవనం కాలిపోయింది. శాపమన్నారు కొందరు. శాపానికి రుజువు లేదు, విషానికి ఉంది. ఆ నాచు నిజానికి పాలితోవా జంతువని, దాని విషాన్ని వేరుచేశామని 1971లో ప్రకటించారు. తాత ముత్తాతల హెచ్చరికలో కథను పక్కనపెట్టినా జాగ్రత్తను పారేయకూడదని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మావదిన మరోటి అడిగింది: "కుజదోషానికి ఉంగరంలో పెట్టే పగడం కూడా ఆ తొట్టిలో పెంచొచ్చా?" అది కొరాలియం రూబ్రమ్, మధ్యధరా సముద్రంలో చీకటి గుహల్లో పెరుగుతుంది. దానిలో నాచు లేదు, దానికి ఎండ పనిలేదు. పేరొక్కటే కలిసింది. ఉంగరం కుజుణ్ని ఏమీ చేయదని కూడా ఆమెకు మెల్లగా చెప్పాను.

ఇది చదివి హైదరాబాద్‌లోనో విశాఖలోనో మొదలుపెడదామనుకునేవారికి ఒక మాట. మన దేశంలో దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ, నల్ల పగడం, సీ ఫ్యాన్‌లతో సహా, 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. ఎవరైనా అమ్ముతామన్నా కొనవద్దు.

హామర్‌ను ఆ రోజే ఇసుక మీదికి, పక్కకు జరిపించాను. సగం లైటులో అక్కడ 50. మూడు వారాలు వాడు రోజూ ఫోటో పంపాడు. మొదటి వారం ఏ మార్పూ లేదు. పన్నెండో రోజున ఒక వైపు టెంటకిల్స్ వేలి గోరంత బయటికి వచ్చాయి. ఇరవయ్యో రోజున నోటి చుట్టూ గోధుమ ఛాయ తిరిగొచ్చింది. ఇప్పుడు లైటు మెల్లగా పెంచి 110 దగ్గర ఆపాడు. మొన్నటి ఫోటోలో ఒక తల మధ్యలో సన్నటి నొక్కు, దానికి అటూ ఇటూ రెండు నోళ్లు. అది రెండు తలలుగా చీలుతోంది. "బాబాయ్, ఇప్పుడు పైకి జరపనా?" అని అడిగాడు. చీలడం పూర్తయ్యేదాకా ముట్టుకోవద్దన్నాను.