చాక్లెట్ మీద తెల్లదెయ్యం

న్యూజెర్సీలో కూతురి దగ్గర ఆరు నెలలు ఉండివద్దామని వెళ్ళిన ఒక పాఠకురాలు కిందటి అక్టోబరులో నాకొక ఫోటో పంపారు. అక్టోబరు చివర వచ్చే దెయ్యాల పండగ హాలోవీన్‌కి మనవరాలి తరగతి పిల్లల కోసం ప్రెట్జెల్ పుల్లలను (ఉప్పు చల్లి కరకరలాడేలా కాల్చిన పిండి పుల్లలవి) నల్ల చాక్లెట్లో ముంచి, ఆరాక తెల్ల చాక్లెట్‌ను సన్నటి ధారగా అటూ ఇటూ తిప్పి పోసి, పైన చక్కెర కళ్ళు రెండేసి అతికించారు. ఈజిప్టు సమాధుల్లో గుడ్డపీలికలు చుట్టిన మమ్మీలన్నమాట. ముంచిన సాయంత్రం బాగానే ఉన్నాయట. మూడోనాడు పొద్దున డబ్బా మూత తీస్తే నల్ల చాక్లెట్ మీద విభూతి పూసినట్టు తెల్లటి పొర. "బూజు పట్టిందని మా అమ్మాయి పారేయబోయింది. నేను ఆపాను. ఇది బూజేనా? పిల్లలకు పెట్టొచ్చా?" అని అడిగారు. ఉత్తరం చివర ఇంకో ప్రశ్న: "గుమ్మడికాయ బొమ్మల కోసం తెల్ల చాక్లెట్లో నారింజరంగు నాలుగు చుక్కలు వేశాను. కలిపీ కలపగానే సున్నంముద్దలా బిగుసుకుపోయింది. ఎందుకు?"

బూజు కాదు. నిక్షేపంగా తినొచ్చు. ఆ రోజే ఆవిడకు ఈ మాట రాసేశాను. కానీ ఆ తెల్లపొర ఎందుకు వచ్చిందన్నది రెండు ముక్కల్లో చెప్పేసి వదిలేయడానికి నాకు మనసొప్పలేదు.

హాలోవీన్ చరిత్రలోకి వెళ్ళను. ఐర్లాండు, స్కాట్లండు నుంచి వలసపోయినవాళ్ళు అమెరికాకు తీసుకెళ్ళిన పండగ. పాత ఊళ్ళలో టర్నిప్ దుంపను తొలిచి దీపం పెట్టేవాళ్ళు, కొత్త దేశంలో గుమ్మడికాయ దొరికింది. చాక్లెట్ తయారీ గురించీ ఎక్కువ చెప్పను. కోకో వెన్న అనే కొవ్వులో చక్కెర రేణువులు, కోకో పొడి చెదిరి ఉంటే అది చాక్లెట్. కోకో పొడి లేకుండా పాలపొడి ఉంటే తెల్ల చాక్లెట్. మన గోదావరి జిల్లాల కొబ్బరితోటల నీడలో పండే కోకో గింజల్లో కూడా దాదాపు సగం బరువు ఈ వెన్నే. కథంతా ఈ వెన్నదే.

పాఠాలు చెప్పిన రోజుల్లో నేనూ పిల్లల చేత ఒక వాక్యం బట్టీ పట్టించాను: ప్రతి శుద్ధ పదార్థానికీ ఒక నిర్దిష్ట ద్రవీభవన స్థానం ఉంటుంది. మంచుకు సున్నా డిగ్రీలు, ఇంకో దానికి ఇంకో అంకె. పరీక్షకు అది చాలు. కానీ ఆ వాక్యం విన్న పిల్లవాడి మనసులో 'పదార్థం అంటే అణువులు, అంతే' అన్న భావం పాతుకుపోతుంది. అవే అణువులు వేరే వరసలో కూర్చుంటే వేరే ఘనపదార్థం అవుతుందన్న సంగతి మరుగున పడుతుంది. రెండూ కార్బనే అయిన వజ్రం, గ్రాఫైటుల పాఠం వేరే అధ్యాయంలో వస్తుంది, ఆ పాఠాన్నీ దీన్నీ కలిపి చెప్పేవాళ్ళం కాదు. ఇప్పుడైతే ముందు చాక్లెట్ ముక్క చేతికిచ్చి ఆ పాఠం మొదలుపెడతాను.

కోకో వెన్న ఆరు రకాల స్ఫటికాలుగా పేరుకుంటుంది. 1966లో విల్, లటన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ ఆరింటికీ వరుసగా అంకెలిచ్చారు. ఒకటో రూపం సుమారు 17 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది. రెండోది 23, మూడోది 25.5, నాలుగోది 27.5, అయిదోది 34, ఆరోది 36 డిగ్రీల దగ్గర. అదే వెన్న, అవే అణువులు. మారేది పేర్పు మాత్రమే.

ఆ అణువు ఆకారం చూడండి. కొవ్వు అణువంటే గ్లిజరాల్ అనే చిన్న మేకుకు వేలాడే మూడు పొడుగాటి కొవ్వు ఆమ్లపు తోకలు. కోకో వెన్నలో నూటికి ఎనభై వంతుల అణువులది ఒకే పోలిక: అటూ ఇటూ తిన్నని తోకలు (పామిటిక్ గానీ స్టియరిక్ గానీ), నడుమ ఒలీక్ ఆమ్లపు తోక. ఆ నడిమి తోకకు మధ్యలో ఒక ద్విబంధం, అక్కడ అది వంగి ఉంటుంది. అణువు మొత్తం ఫిజిక్స్ ల్యాబులోని శృతిదండంలా కనిపిస్తుంది. రెండు తిన్నని తోకలు ఒకవైపు, వంగినది రెండోవైపు. ఇంత ఏకరీతి అణువులున్న కొవ్వు ప్రకృతిలో అరుదు. అందుకే కోకో వెన్న చాలా కొద్ది డిగ్రీల తేడాలో, చటుక్కున కరుగుతుంది. వేళ్ళ మధ్య గట్టిగా ఉన్న ముక్క నాలుక మీద నీరైపోవడానికి కారణం ఇదే.

ఈ శృతిదండాలను హడావిడిగా చల్లారిస్తే దొరికిన చోటల్లా కూలబడతాయి. తోకలు వదులుగా, సందులు సందులుగా ఉంటాయి. నింపాదిగా చల్లారిస్తే తిన్నని తోకలు ఒక పొరగా, వంగిన తోకలు వేరే పొరగా సర్దుకుని దగ్గర దగ్గరగా బిగుస్తాయి. అయిదో రూపం అలాంటిది. గట్టిది, తళతళలాడేది, విరిస్తే టక్కుమనేది, ఆరినప్పుడు కాస్త కుంచించుకుపోయి కాగితం నుంచి తనంతట తానే విడివడేది. మనకు కావలసింది అదే. చిక్కేమిటంటే, చల్లారే ద్రవంలో ముందుగా పుట్టేది అత్యంత స్థిరమైన రూపం కాదు. ద్రవానికి దగ్గరి పోలిక ఉన్న, తేలిగ్గా కూర్చుకోగల అస్థిర రూపం ముందు వస్తుంది. అక్కడి నుంచి మెట్టుమెట్టుగా స్థిరమైన రూపం వైపు నడక సాగుతుంది. 1897లో జర్మనీ రసాయన శాస్త్రవేత్త విల్హెల్మ్ ఆస్ట్వాల్డ్ గమనించిన సూత్రం ఇది.

మన వంటింట్లో దీనికి చుట్టం ఉంది. వెన్న కాచి నెయ్యి గిన్నెను పొయ్యి పక్కనే వదిలేస్తే తెల్లారేసరికి పూస కడుతుంది. అదే నెయ్యిని ఫ్రిజ్‌లో పెడితే పూస ఉండదు, మైనంలా నున్నగా గడ్డకడుతుంది. చల్లారే వేగమే స్ఫటికాల తీరును మార్చేస్తోంది. చాక్లెట్‌లో మనకు కావలసింది పూస కాదు, సన్నటి స్ఫటికాల ఒత్తైన నేత. కానీ పని మాత్రం రెండుచోట్లా కొవ్వు స్ఫటికాలదే.

పాఠకురాలు ఏం చేశారంటే, చాక్లెట్‌ను మైక్రోవేవ్‌లో బాగా వేడెక్కేదాకా కరిగించారు. దాంతో పాత స్ఫటికాలన్నీ చచ్చాయి. పుల్లలు ముంచి, తొందరగా ఆరాలని ఫ్రిజ్‌లో పెట్టారు. దాంతో నాలుగో రూపం, అంతకంటే కిందివీ గుంపుగా పుట్టాయి. ఆ తరువాత డబ్బా గది వేడిలో ఉన్న రెండు రోజుల్లో అవి కూర్పు మార్చుకుంటూ అయిదో రూపం వైపు కదిలాయి. ఆ సర్దుబాటులో కొంత వెన్న పైకి వచ్చి, సూదుల్లాంటి స్ఫటికాలుగా ఎదిగింది. ఆ సూదులు వెలుగును అన్ని వైపులకూ చెదరగొడతాయి. ఉప్పుకల్లు గాజులా ఉంటుంది కదా, దంచి పొడి చేస్తే తెల్లబడుతుంది. ఆ తెలుపే ఈ తెలుపు. చాక్లెట్‌లో బూజు పెరగడానికి చాలినంత తడి ఉండదు. అనుమానం తీరాలంటే మచ్చను వేలితో రుద్ది చూడండి. కొవ్వైతే ఒంటి వేడికి కరిగి మాయమవుతుంది. ముట్టుకుంటే గరగరలాడి, తడివేలికి మాత్రమే కరిగితే అది చక్కెర. ఫ్రిజ్ నుంచి తీసిన చాక్లెట్ మీద గాలిలోని తేమ చెమర్చి, చక్కెరను కరిగించి, ఆరిపోయినప్పుడు అలా వస్తుంది.

మరి అయిదో రూపాన్నే రప్పించడం ఎలా? ఇక్కడ నాకు తోడు పెట్టడం గుర్తొస్తుంది. పాలు తమంతట తాము ఎలా పేరుకుంటాయో చెప్పలేం. నిన్నటి పెరుగు చెంచాడు వేస్తే మాత్రం నిన్నటి పెరుగే మళ్ళీ వస్తుంది. చాక్లెట్‌కూ అంతే. మూడింట రెండు వంతులు కరిగించి, 45 డిగ్రీల దాకా వేడి చేసి, దించి కాస్త చల్లారాక మిగిలిన వంతును సన్నగా తరిగి కొంచెం కొంచెం వేస్తూ కలపాలి. కొట్లో కొన్న చాక్లెట్ అప్పటికే అయిదో రూపంలో ఉంటుంది, కాబట్టి ఆ తరుగే తోడు. పాలు మరీ వేడిగా ఉండగా తోడేస్తే పెరుగు విరిగిపోతుంది, ఇక్కడ 34 డిగ్రీలు దాటితే తోడు కరిగిపోతుంది. మరీ చల్లారాక వేసినా లాభం లేదు, అప్పటికే నాలుగో రూపం పుట్టి ఉంటుంది. నల్ల చాక్లెట్‌ను 31, 32 డిగ్రీల మధ్య నిలబెడితే అక్కడ నాలుగోది బతకదు, అయిదోది చావదు. వేడినే జల్లెడగా వాడుకుంటున్నామన్నమాట. పాల కొవ్వు కలిసిన తెల్ల చాక్లెట్‌కు 28, 29 చాలు. మొత్తం కొవ్వులో నూటికి ఒకటి నుంచి మూడు వంతులు స్ఫటికమై ఉంటే సరిపోతుంది, మిగతా ద్రవం వాటిని చూసి అదే వరసలో కూర్చుంటుంది. కలుపుతూ ఉండడం కూడా అవసరమే, ఆ కదలిక అయిదో రూపం పుట్టడానికి సాయపడుతుంది.

పోలిక ఒకచోట తెగుతుంది. పెరుగులో పెరిగేవి ప్రాణమున్న బాక్టీరియా, ఇక్కడ ప్రాణం లేదు, వరస మాత్రమే ఉంది. అయినా ఆ వరసకు ఎంత బలమో మందుల తయారీలో పనిచేసేవాళ్ళనడగండి. 1998లో రిటోనావిర్ అనే ఎయిడ్స్ మందులో అంతకుముందెవరూ చూడని స్ఫటికరూపం ఒకటి బయటపడింది. అది సరిగా కరగదు. ఒకసారి పుట్టాక పాత రూపం తయారుచేయడమే కష్టమైపోయి, ఆ మందు క్యాప్సూళ్ళను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అక్కరలేని తోడు పడిందన్నమాట. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీల్లో ఎక్స్‌రే యంత్రాల ముందు కూర్చుని స్ఫటికరూపాలను సరిచూసే మన పిల్లలు చేస్తున్నది ఈ కాపలాయే.

ఆరో రూపం ద్రవం నుంచి నేరుగా పుట్టదు, గట్టిపడిన అయిదో రూపంలోంచే నెలల తరబడి మెల్లగా వస్తుంది. అందుకే సరిగ్గా చేసిన చాక్లెట్ కూడా ఎప్పటికో తెల్లబడుతుంది. వేరుశనగ నూనె తగిలితే త్వరగా తెల్లబడుతుంది, ఆ నూనె కోకో వెన్నలోకి పాకి దాన్ని మెత్తబరుస్తుంది. ప్రెట్జెల్‌లో నూనె తక్కువ, తడి తక్కువ. కాబట్టి పీనట్ బటర్ (వేరుశనగ ముద్ద) నింపిన చాక్లెట్ కప్పులతో హాలోవీన్‌కే చేసే మంత్రగత్తె చీపుళ్ళకంటే ఈ మమ్మీలే ఎక్కువ రోజులు నిలుస్తాయి.

ఇక నారింజరంగు. కొట్లో దొరికే చుక్కల రంగుల్లో ఎక్కువ భాగం నీళ్ళే. చాక్లెట్‌లోని చక్కెర రేణువుల చుట్టూ కొవ్వు ఉంటుంది, అందుకే అవి ఒకదానిమీద ఒకటి జారతాయి. చెంచాలో పావువంతు నీళ్ళు పడ్డా చక్కెర తడిసి రేణువులు ఒకదానికొకటి అంటుకుంటాయి. పొడి ఇసుక జారిపోతుంది, కాస్త తడిపిన ఇసుకతో పిచ్చుకగూళ్ళు కట్టొచ్చు, బాగా నీళ్ళు పోస్తే మళ్ళీ పారుతుంది. చాక్లెట్‌దీ అదే నడక. అందుకే వేడి క్రీము ధారాళంగా పోస్తే గడ్డకట్టదు, చుక్క నీటికే బిగుస్తుంది. గిన్నె మీద మూతపెట్టి ఆవిరి చుక్కలు రాలనిచ్చినా ఇదే జరుగుతుంది. నూనెలో కరిగే రంగులుగానీ పొడి రంగులుగానీ వాడాలి.

అమెరికా కొట్లలో 'క్యాండీ మెల్ట్స్' పేరుతో రంగురంగుల బిళ్ళలు అమ్ముతారు. అందులో కోకో వెన్నకు బదులు ఎక్కువగా పామ్ గింజల నూనె లాంటి కొవ్వు ఉంటుంది. ఆ కొవ్వుకు ఈ ఆరు రూపాల తిప్పలు లేవు, కరిగించి ముంచితే చాలు. పిల్లలతో కూర్చుని చేసేటప్పుడు అవి హాయి. రుచి మాత్రం చాక్లెట్‌ది కాదు. అమెరికా నియమాల ప్రకారం తెల్ల చాక్లెట్ అనిపించుకోవాలంటే కనీసం నూటికి ఇరవై వంతులు కోకో వెన్న ఉండాలి. రెండింటినీ ఒకే గిన్నెలో కలపకండి. ఆ రెండు కొవ్వులకూ పొత్తు కుదరక మెత్తబడి, త్వరగా తెల్లబడతాయి.

థర్మామీటరు లేదని ఆవిడ రాశారు. అయినా పరవాలేదు. కలిపిన చాక్లెట్‌ను చుక్క తీసి కింది పెదవికి తగిలించాలి. కాస్త చల్లగా అనిపించాలి, ఎందుకంటే పెదవి అంతకంటే వెచ్చన. తరువాత చాకు కొన మీద పల్చగా రాసి గదిలోనే అయిదు నిమిషాలు వదలాలి. అంటుకోకుండా, మెరుస్తూ ఆరితే పుల్లలు ముంచడం మొదలుపెట్టవచ్చు. అంటుకుంటే ఇంకో గుప్పెడు తరుగు వేసి మళ్ళీ కలపాలి. ముంచినవాటిని ఫ్రిజ్‌లో కాక, అక్టోబరు చలి తగిలే కిటికీ పక్కన ఆరబెట్టాలి.