అంగన్‌వాడీ టీచర్‌కు శిక్షణ సరే, ఆమె టెన్షన్ ఎవరికి చెప్పుకోవాలి?

రెండేళ్లు దాటిన పిల్లాడు పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడడం లేదు, మాటలు రాలేదు. ఈ సంగతి తల్లికి ముందుగా చెప్పాల్సింది తరచూ అంగన్‌వాడీ టీచరే. "వాళ్ల నాన్నకీ లేటుగానే వచ్చాయి, మావాడికేం తక్కువ?" అని ఆ తల్లి విసుక్కుంటుంది. ఒక్కోసారి మర్నాటి నుంచి పిల్లాడిని పంపడమే మానేస్తుంది. ఇలాంటి పిల్లల్ని గుర్తించి, కుటుంబానికి నచ్చజెప్పి, వైద్యానికి పంపే పనిని దివ్యాంగ బాలల ప్రోటోకాల్ పేరుతో కేంద్రం 2023 నవంబర్‌లో కాగితం మీద పెట్టింది. ఆ మాట చెప్పి వచ్చాక టీచర్ మనసు ఎలా ఉంటుందో పట్టించుకోకపోవడం మాత్రం పాత లోటే.

1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు) పథకం మొదలైనప్పుడు టీచర్‌ను ఉద్యోగిగా కాదు, గౌరవ వేతనం మీద పనిచేసే స్థానిక మహిళగా తీసుకున్నారు. తర్వాత పథకం ఊరూరా పాకినా ఆ లెక్క మారలేదు. 2006 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఒక కేసులో అంగన్‌వాడీ కేంద్రాలను 14 లక్షలకు పెంచమంది. అదే నెలలో అమీర్‌బీ కేసులో, అంగన్‌వాడీ కార్యకర్తలది సివిల్ పోస్టు, అంటే ప్రభుత్వ ఉద్యోగం, కాదని తేల్చింది. నా దృష్టిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఉద్యోగి కాని మనిషి ఒత్తిడికి బాధ్యత ఏ శాఖ తీసుకుంటుంది? గ్రాట్యుటీ హక్కుందని అదే కోర్టు చెప్పడానికి 2022 దాకా పట్టింది.

శిక్షణ లేదని కాదు. చాలాకాలం జాబ్ ట్రైనింగ్ 26 రోజులు, ఆపైన రిఫ్రెషర్లు ఉండేవి. 2020 జాతీయ విద్యావిధానం ఇంటర్ చదివినవారికి ఆరు నెలల సర్టిఫికెట్, మిగతావారికి ఏడాది డిప్లొమా అంది. 2023లో వచ్చిన 'పోషణ్ భీ పఢాయీ భీ' అనే కేంద్ర శిక్షణ కార్యక్రమం కింద మొదటి విడతలో దక్కినవి 3 రోజులు. ఈలోగా 2021లో వివరాలు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చింది, తర్వాత రేషన్‌కు ముఖ గుర్తింపూ చేరింది. సిగ్నల్ లేక యాప్ ఫొటో తీసుకోకపోతే గుమ్మంలో నిలబడ్డ బాలింత కోపం పడేది యాప్ మీద కాదు, టీచర్ మీద.

ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు అంగన్‌వాడీల సమ్మె జరిగింది. ప్రభుత్వం అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం కూడా ప్రయోగించింది. వార్తలన్నీ జీతం చుట్టూనే తిరిగాయి, అందులో తప్పేమీ లేదు. జీతం తేలకుండా మనశ్శాంతి గురించి మాట్లాడితే వెటకారంగా ఉంటుంది. కానీ ఒప్పుకోని తల్లితో ఎలా మాట్లాడాలి, తిట్లు పడ్డాక ఎవరితో పంచుకోవాలి అన్నవి జీతం పెరిగినా మిగిలే ప్రశ్నలు. సూపర్‌వైజర్ టీచర్లతో పెట్టే సెక్టార్ మీటింగ్‌లో వాటికో గంట కేటాయించడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఇప్పుడు ఆ సమయం చాలావరకు యాప్‌లో పెండింగ్ ఎంట్రీలకే పోతోంది.