హార్ముజ్ సందు

చిన్నీ, బుజ్జీ,

ఎక్కడో ఇరాన్ దగ్గర గొడవైతే మన గ్యాస్ బండ గురించి నానమ్మకెందుకు టెన్షన్ అని మొన్న ఫోన్‌లో అడిగారు. నేను సరిగ్గా చెప్పలేకపోయాను. అట్లాస్ తెరిచి పక్కన పెట్టుకుని ఇది చదవండి.

అరేబియా సముద్రం నుంచి పర్షియన్ గల్ఫ్ లోపలికి వేలు జరపండి. ఒకచోట నీళ్లు సన్నబడి మెలిక తిరుగుతాయి. అదే హార్ముజ్ జలసంధి. పైన ఇరాన్, కింద ఒమన్. మరీ ఇరుకైన చోట వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు. అదేం ఇరుకు అంటారేమో! పెద్ద ట్యాంకర్లకు గుర్తుపెట్టిన దారులు పోవడానికొకటి, రావడానికొకటి. ఒక్కోటి మూడు కిలోమీటర్ల పైచిలుకే. 2024లో రోజుకు దాదాపు 2 కోట్ల పీపాల చమురు ఈ సందులోంచి వెళ్లింది. ప్రపంచం వాడేదాంట్లో అది ఐదో వంతు. పీపాకి 159 లీటర్లు. ఎన్ని లీటర్లో మీరే లెక్కేసుకోండి, నాకు సున్నాలు తడబడతాయి.

చుట్టూ తిరిగి పోవచ్చుగా అంటుంది బుజ్జి. సముద్రం మీద గల్ఫ్‌కు వేరే గుమ్మం లేదమ్మా. సౌదీ వాళ్లు ఎడారికి అడ్డంగా ఎర్రసముద్రం ఒడ్డున యాన్బు దాకా పైపులైను వేసుకున్నారు. ఎమిరేట్స్ వాళ్లు ఈ సందుకు బయట ఉన్న ఫుజైరా రేవుకు వేశారు. కానీ మొత్తం చమురు వాటిలో పట్టదు. ఖతార్ గ్యాస్ ఓడలకైతే ఆ వీలు కూడా లేదు. గ్యాస్‌ను మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిచి, ద్రవంగా మార్చి, ఇటుగానే తేవాలి. ఇరాన్ సొంత చమురులో ఎక్కువ భాగానికీ ఇదే దారి. తలుపు దగ్గర కూర్చుని బెదిరిస్తే బలమే, మూసేస్తే తన సరుక్కీ చిక్కే.

అసలు తమాషా ఏమిటంటే, ఒక్క ఓడ ఆగకపోయినా ధర పెరుగుతుంది. 1984 నుంచి 1988 దాకా ఇరాన్, ఇరాక్ ఒకరి సరుకు మోసే ఓడల మీద ఇంకొకరు దాడులు చేశారు. అలాంటి భయం పుట్టగానే బీమా వాళ్లు రేటు పెంచుతారు. రేపు దొరకదేమోనని కొనేవాడు ఇవాళే ఎక్కువిచ్చి కొంటాడు. ఆ భారమంతా చివరికి పెట్రోల్ బంకులో మీ నాన్న మీద పడుతుంది.

ఇక నానమ్మ బండ సంగతి. అందులో ఉండేది ఖతార్ నుంచి అలా చల్లబరిచి తెచ్చే గ్యాస్ కాదు, ఎల్పీజీ. దేశం వాడే ఎల్పీజీలో సగానికి పైగా బయటినుంచే వస్తుంది, అందులోనూ ఎక్కువ గల్ఫ్ నుంచే. విశాఖలో రాతిని తొలిచి, భూమి లోపల 13.3 లక్షల టన్నుల ముడిచమురు దాచే గుహలు కట్టారు. అక్కడే ఎల్పీజీకీ ఒక గుహ ఉంది, 60 వేల టన్నులది. ఈసారి వచ్చినప్పుడు ఆ ఊరు తీసుకెళ్తాను. లోపలికి రానివ్వరులెండి, కొండ చూసి వద్దాం.

ఈ గుహల సంగతి చెప్పాక కూడా మీ నానమ్మ నిన్న రెండో బండ బుక్ చేసింది.

మీ తాతయ్య