వెనక వెండి, ముందు అద్దం: విండో పౌచ్‌ల మీద అపోహలు - వాస్తవాలు

పొడులు, జంతికలు, చెక్కలు, పచ్చళ్ళు చేసి అమ్మేవాళ్ళు పౌచ్ కోసం వచ్చినప్పుడు మొదట అనే మాట "సరుకు కనపడాలండీ". అంటే విండో (లోపలి సరుకు కనపడే క్లియర్ జాగా) ఉండాలని. అందులో తప్పేం లేదు, కొత్త బ్రాండ్ అయితే లోపలేముందో చూడకుండా ఎవరూ చెయ్యి వెయ్యరు. రెండో మాట "ఆరు నెలలు ఆగాలండీ". మూడోది రేటు, అది చెప్పక్కర్లేదు. ఈ మూడూ ఒకే పౌచ్‌లో కుదరాలంటే ముందు కొన్ని నమ్మకాలు వదిలించుకోవాలి. నేను రోజూ వినేవే రాస్తున్నా, కాస్త పెద్ద పోస్టే అయింది.

అపోహ: వెనక సైడ్ సిల్వర్ ఉంది కదా, ఇక సరుకు సేఫ్

మార్కెట్లో రెడీమేడ్‌గా ఎక్కువ అమ్ముడుపోయే స్టాండప్ పౌచ్ ఇదే, ముందు మొత్తం క్లియర్, వెనక మెటలైజ్డ్ (పల్చటి అల్యూమినియం పూత వేసిన సిల్వర్ ఫిల్మ్). చూడ్డానికి బాగుంటుంది, సిల్వర్ వల్ల ఖరీదైన ప్యాకింగ్‌లా కనపడుతుంది, షాపువాడు కూడా "హై బ్యారియర్ సార్" అని అమ్మేస్తాడు (బ్యారియర్ అంటే గాలినీ తేమనీ ఆపే శక్తి). లెక్కేసి చూద్దాం.

15 సెంటీమీటర్లు బై 20 సెంటీమీటర్ల పౌచ్ తీసుకోండి. రెండు వైపులా కలిపి 600 చదరపు సెంటీమీటర్లు, అంటే 0.06 చదరపు మీటర్. 12 మైక్రాన్ల పాలిస్టర్‌కి పాలీ (పాలిథిన్) పొర అతికించిన మామూలు క్లియర్ లామినేట్‌లోంచి చదరపు మీటర్‌కి రోజుకి రమారమి 110 సీసీల ఆక్సిజన్ దూరుతుంది (ల్యాబ్‌లో అవతల వైపు శుద్ధ ఆక్సిజన్ పెట్టి కొలిచే లెక్క ఇది, మామూలు గాల్లో ఇందులో ఐదో వంతు వేసుకోండి). అదే పాలిస్టర్‌కి మెటలైజింగ్ చేస్తే రమారమి 1 సీసీ. ఇప్పుడు మన పౌచ్ మొత్తం మెటల్ అయితే రోజుకి 0.06 సీసీ, మొత్తం క్లియర్ అయితే 6.6, మరి ఒకవైపు మెటల్ ఒకవైపు క్లియర్ అయితే? 3.3. అంతే! వంద రెట్లు ఆపుతుందనుకున్న సిల్వర్ మొత్తం క్లియర్ పౌచ్‌తో పోలిస్తే సగానికి తగ్గించింది, అంతకుమించి చేసిందేం లేదు, ఎందుకంటే గాలి దారి వెతుక్కోదు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడే దూరుతుంది. వెనక ఎంత మంచి ఫిల్మ్ వేసినా ముందు వైపుదే తుది మాట.

ఇంకా చిన్న విండో అయితేనో అంటారు. ముందు వైపు 5 బై 10 సెంటీమీటర్లు మాత్రమే క్లియర్, మిగతా అంతా మెటల్ అనుకోండి, విస్తీర్ణంలో అది పన్నెండో వంతు మాత్రమే. అయినా లెక్క 0.06 నుంచి 0.6కి పోతుంది, పది రెట్లు. చిప్స్ తయారుచేసే పెద్ద కంపెనీలు విండో జోలికి పోకుండా ప్యాకెట్ మీద చిప్స్ ఫోటో వేసుకునేది ఊరికే కాదు.

అలాగని విండో వద్దనడం లేదు. ఇరవై రోజుల్లో అమ్ముడైపోయే చెక్కలకి 3.3 అయినా ఏం కాదు. మొత్తం బ్యారియర్ ఎంత అన్నది విండోతో కలిపి లెక్కెయ్యండి అంటున్నా, సిల్వర్ చూసి డేట్ వెయ్యొద్దు అంటున్నా.

"క్లియర్ అంటే బ్యారియర్ ఉండదు" అనేది దీనికి రివర్స్ అపోహ

ఉంటుంది. పాలిస్టర్ మీద అల్యూమినియం ఆక్సైడ్ గానీ సిలికాన్ ఆక్సైడ్ గానీ అతి పల్చటి పూత వేసిన ఫిల్ములు దొరుకుతాయి, గాజులా క్లియర్‌గా ఉంటాయి, ఆక్సిజన్ విషయంలో మెటలైజ్డ్‌కి దగ్గర్లోనే నిలబడతాయి. రేటు ఎక్కువ. ఇంకో గొడవ ఏంటంటే ఆ పూత పెళుసు, పౌచ్‌ని గట్టిగా మడిచినా నలిపినా సన్నటి పగుళ్ళు వస్తాయి, ఫిల్మ్ షీట్‌గా ఉన్నప్పుడు వచ్చిన రిపోర్టూ, పౌచ్ అయ్యి కార్టన్‌లో నలిగాక వచ్చే రిపోర్టూ ఒకటి కావు. రెండోది అడగండి.

ఇంకో దారి మధ్యలో ఈవీఓహెచ్ (ఒక రకం ప్లాస్టిక్) పొర ఉన్న ఫిల్ము. పొడి వాతావరణంలో ఆక్సిజన్‌ని అద్భుతంగా ఆపుతుంది, తేమ తగిలితే పట్టు తగ్గిపోతుంది, అందుకే దాన్ని రెండు పాలీ పొరల మధ్య దాస్తారు. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలం అమ్మేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అపోహ: యూవీ ఫిల్మ్ వేయిస్తే వెలుతురు గురించి దిగులు లేదు

దీనిమీదే ఎక్కువ వాదిస్తుంటాను. మామూలు పాలిస్టరే 310 నానోమీటర్ల కింద ఉండే యూవీని దాదాపు ఆపేస్తుంది, యూవీ అబ్జార్బర్ కలిపిన ఫిల్మ్ ఇంకొంచెం పైదాకా ఆపుతుంది. సరే, కానీ కరివేపాకు పొడినీ మునగాకు పొడినీ పాడుచేసేది యూవీ ఒక్కటే కాదు కదా. వాటిలో ఉండే క్లోరోఫిల్ పీల్చుకునేది కంటికి కనపడే వెలుతురునే, ముఖ్యంగా నీలం, ఎరుపు భాగాల్ని. సరుకు మన కంటికి కనపడుతోందంటే ఆ వెలుతురు లోపలికి పోయి తిరిగి బయటికి వస్తున్నట్టే, దాన్ని ఆపేస్తే విండో ఎందుకు?

ఆ క్లోరోఫిల్ వెలుతురు పీల్చుకుని పక్కనున్న ఆక్సిజన్‌ని రెచ్చగొడుతుంది, సింగ్లెట్ ఆక్సిజన్ అంటారు, అది నూనెలోని లినోలిక్ ఆమ్లంతో మామూలు ఆక్సిజన్ కంటే వెయ్యి రెట్లకు పైగా వేగంగా కలుస్తుంది. అందుకే నూనెలో వేయించి కొట్టిన కరివేపాకు పొడి సూపర్ మార్కెట్ ట్యూబ్ లైట్ కింద ఉంటే ముందు ఆకుపచ్చ పోయి ఎండుగడ్డి రంగొస్తుంది, ఆ వెనకే పాత నూనె వాసన. ఇంకో సంగతి, ముందు వరసలో ఉన్న ప్యాకెట్ రంగు పోతుంది, దాని వెనక దాక్కున్న ప్యాకెట్ బాగానే ఉంటుంది, ఒకే బ్యాచ్ రెండూ. "మీ సరుకులో తేడా ఉంది" అని స్టోర్ వాళ్ళు వాపసు పంపితే తయారుచేసినవాళ్ళు రోట్లో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటారు.

కారం కూడా అంతే, మిరప ఎరుపు కెరోటినాయిడ్ రంగు, వెలుతురూ గాలీ రెండూ పడవు. పసుపూ వెలుతురుకి వెలిసిపోతుంది. ఇలాంటి సరుక్కి విండో పెట్టాల్సిందే అనుకుంటే పౌచ్ వెనక వైపు పెట్టండి, లేదా అడుగు గస్సెట్‌ని (పౌచ్ నిలబడడానికి అడుగున ఉండే మడతని) క్లియర్‌గా వదలండి. కొనేవాళ్ళు ఎలాగూ ప్యాకెట్ తిప్పి చూస్తారు, రాక్‌లో నిలబడి ఉన్నంతసేపూ లైటు మాత్రం నేరుగా పడదు. పప్పులు, మిల్లెట్లు లాంటివి ఇంత సున్నితం కాదు, వాటికి ముందే పెద్ద విండో పెట్టుకోండి, ఎవరొద్దన్నారు.

"మైక్రాన్ పెంచండి, ఎంత మందం ఉంటే అంత మంచిది"

పాలీని 50 మైక్రాన్ల నుంచి 100కి పెంచితే దూరే ఆక్సిజన్ సగమవుతుంది, నిజమే. కానీ ఆ 100 మైక్రాన్ల పాలీ కంటే 12 మైక్రాన్ల పాలిస్టర్ పది రెట్లకు పైగా బాగా ఆపుతుంది. ఏ పొర ఏ పని చేస్తుందో చూడాలి గానీ చేత్తో నలిపి "దళసరిగా ఉంది" అనడం కాదు. పాలీ ఉండేది సీల్ కోసం, తేమ కోసం, పొడుచుకుపోకుండా ఉండడం కోసం. పాలిస్టర్ ఆక్సిజన్‌కి, ప్రింటుకి. బీఓపీపీ (సాగదీసి చేసిన పాలీప్రొపిలీన్ ఫిల్మ్) తేమని పాలిస్టర్ కంటే బాగా ఆపుతుంది, ఆక్సిజన్ దగ్గర మాత్రం చేతులెత్తేస్తుంది. అందుకే ముందు అడగాల్సింది మీ సరుకు ఎలా పాడవుతుంది అని. జంతికలు ముందు మెత్తబడతాయా, ముందు నూనె వాసన వస్తాయా? అనంతపురంలో కరకరలాడుతూ నెల ఉన్నవి విశాఖలో పది రోజులకే నెమ్ము పట్టాయంటే అక్కడ సమస్య తేమ, దానికి ఆక్సిజన్ బ్యారియర్ మీద డబ్బు పోసి లాభం లేదు.

120 మైక్రాన్లు ఉండాలి కదా అని భయపడి వచ్చేవాళ్ళున్నారు, అది క్యారీ బ్యాగుల రూలు (2022 డిసెంబర్ 31 నుంచి), మీ పొడి పౌచ్‌కి కాదు.

అపోహ: నైట్రోజన్ కొట్టించాం, ఆక్సిజన్ పీల్చే సాచెట్ వేశాం, ఇక ఫిల్మ్ ఏదైనా ఒకటే

ఇవి లోపల ఉన్న ఆక్సిజన్‌ని తీస్తాయి, బయట నుంచి వచ్చేదాన్ని ఆపలేవు. మన పాత పౌచే తీసుకుందాం, మొత్తం క్లియర్, పాలిస్టర్-పాలీ. మామూలు గాల్లో రోజుకి రమారమి 1.4 సీసీల ఆక్సిజన్ లోపలికి వస్తుంది. లోపల 200 సీసీల గాలి ఉందనుకుంటే అందులో ఆక్సిజన్ 42 సీసీలు. 100 సీసీల సాచెట్ అది పీల్చుకున్నాక మిగిలేది 58, అది నలభై రోజుల్లో ఖర్చు. ఆరు నెలల డేట్ ఎలా వేస్తారు? అదే సాచెట్‌ని మామూలు పాలీ కవర్లో పడేస్తే ఒకటి రెండు రోజుల్లోనే నిండిపోతుంది, పడేసి ప్రయోజనం సున్నా. ఇక సిలికా జెల్ సాచెట్ వేసి ఆక్సిజన్ పోతుందనుకునేవాళ్ళు కూడా ఉన్నారు, అది పీల్చేది తేమని, ఆక్సిజన్‌ని పీల్చేది ఇనుప పొడి సాచెట్.

వాక్యూమ్ కూడా అంతే. పలాస జీడిపప్పు ఇటుకలా గట్టిగా బిగుసుకుని ఉంటే చూడముచ్చటగా ఉంటుంది, పైగా సరుకు పూర్తిగా కనపడుతుంది. ఫిల్మ్ బ్యారియర్ లేకపోతే రోజులు గడిచేకొద్దీ ఇటుక వదులవుతుంది. జంతికలకైతే వాక్యూమ్ మాటే ఎత్తొద్దు, పిండి చేసి ఇస్తుంది. వాటికి గాలి బుడగలా ఉబ్బిన ప్యాకెట్టే దెబ్బ తగలకుండా కాపాడేది. పూతరేకులకి అదీ చాలదు, పౌచ్ ఎంత మంచిదైనా నలిగిపోతాయి, బయట అట్టపెట్టె ఉండాల్సిందే, విండో కావాలంటే ఆ పెట్టెకి పెట్టుకోండి.

జిప్‌లాక్ ఉంది కాబట్టి గాలి పోదు అంటారు. జిప్ ప్యాకెట్ తెరిచాక వాడుకోవడానికి, అంతవరకు కాపాడేది జిప్ పైన వేసే సీల్.

ఆ సీల్ దగ్గరే సగం కొంపలు మునిగేది. పొడి నింపేటప్పుడు మూతి లోపల అంటుకుంటుంది, దాని మీదే బ్యాండ్ సీలర్ నడిపిస్తారు, పైకి బాగానే అతుక్కున్నట్టు కనపడుతుంది, మధ్యలో వెంట్రుక లావు సందు ఉంటుంది. ఆ సందు ముందు పైన చెప్పిన లెక్కలన్నీ దండగ. ప్యాకెట్‌ని నీళ్ళ బకెట్లో ముంచి రెండు చేతుల్తో నొక్కండి, బుడగలు ఎక్కడ నుంచి వస్తున్నాయో తెలుస్తుంది. అమెరికాకి పార్సిళ్ళు పంపేవాళ్ళు ఈ పని ఇంకా గట్టిగా చెయ్యాలి, విమానంలో గాలి ఒత్తిడి తగ్గి ప్యాకెట్ ఉబ్బుతుంది, బలహీనమైన సీల్ అక్కడే వదిలేస్తుంది, పచ్చడి నూనె పక్కవాళ్ళ పట్టుచీర మీదకి పోతుంది.

పచ్చడి అన్నాం కాబట్టి ఒక మాట. ఆవకాయలో పులుపు, నూనె, ఆవ ఘాటు మూడూ కలిసి పాలీ పొరలోంచి మెల్లగా దూరి పొరల్ని అతికించిన గమ్ మీద పడతాయి. పొడికి బాగా పనిచేసిన లామినేటే పచ్చడి పోస్తే కొన్ని వారాలకి పొరలు పొరలుగా ఊడి రావచ్చు, విండో దగ్గర అది బుడగల్లా, ముడతల్లా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడే పచ్చడికి అని చెప్పండి, గమ్ మారుస్తారు. మన పెద్దవాళ్ళు దాన్ని జాడీలో పెట్టి వాసెన కట్టి చీకటి గదిలో పెట్టింది ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది.

"విండో ఎంత పెద్దదైతే అంత అమ్మకం"

ఎక్కడ పెట్టారన్నది సైజ్ కంటే ముఖ్యం. పొడి నింపినప్పుడు పైదాకా ఉంటుంది, లారీలో ఊగి షాపుకి చేరేసరికి దిగిపోతుంది. విండో పైన ఉంటే కొనేవాళ్ళకి కనపడేది ఖాళీ, తూకం తక్కువేశారు అనుకుంటారు. సరుకు దిగాక ఎంత ఎత్తులో నిలబడుతుందో చూసి, విండో పై అంచు దానికి కింద ఉండేట్టు గీయించుకోండి. మెత్తటి పొడి అయితే స్టాటిక్ వల్ల ఫిల్మ్‌కి లోపల పట్టేసి విండో మురిగ్గా కనపడుతుంది, యాంటీస్టాటిక్ పాలీ అడగాలి. జంతికలైతే నూనె మరకలు, దానికి మందు లేదు, సన్నటి నిలువు గీతల్లాంటి విండోలు పెడితే మరక అంతగా తెలీదు.

క్లియర్ మీద నేరుగా అక్షరాలు వేస్తే స్టైలిష్‌గా ఉంటుందని డిజైనర్లు తెస్తుంటారు, స్క్రీన్ మీద నిజంగానే బాగుంటుంది. లోపల నల్లటి నువ్వుల పొడి పోశాక ఎంఆర్‌పీ ఎవరికీ కనపడదు, బార్‌కోడ్ స్కాన్ అవ్వదు. ధర, నికర బరువు అంకెలు వెనక రంగుకి కొట్టొచ్చినట్టు వేరుగా ఉండాలని లీగల్ మెట్రాలజీ రూల్సే చెప్తున్నాయి, కాబట్టి వాటి వెనక తెలుపు వెయ్యాల్సిందే.

బ్రౌన్ క్రాఫ్ట్ పేపర్ పౌచ్‌కి విండో ఉంటే పర్యావరణానికి మంచిదని నమ్మేవాళ్ళకి ఒకటే చెప్తా, లోపల చెయ్యి పెట్టి తడమండి, ప్లాస్టిక్ పొర తగులుతుంది. కాగితం, ప్లాస్టిక్ అతుక్కుపోయి ఉన్నదాన్ని విడదీయడం ఇంకా కష్టం.

చివరిది, "ముందు ప్రింట్ చేయించేద్దాం, విండో సంగతి తర్వాత చూసుకోవచ్చు". ముందు ప్లెయిన్ పౌచ్‌లు కొని, కావాల్సిన ఆకారం వదిలేసి మిగతాదంతా స్టిక్కర్‌తో కప్పి, సరుకు నింపి, కొన్ని లైట్ కింద రాక్‌లో, కొన్ని అల్మారాలో పెట్టి మీరు వేయబోయే డేట్ దాకా ఉంచి రుచి చూడండి. గ్రావ్యూర్ (చెక్కిన సిలిండర్లతో వేసే) ప్రింటింగ్‌లో విండో అంటే తెలుపు ఇంకు వెయ్యకుండా వదిలేసిన జాగా, దాని ఆకారం తెలుపు సిలిండర్‌లోనే చెక్కి ఉంటుంది, తర్వాత ఒక సెంటీమీటర్ తగ్గిద్దామన్నా ఆ సిలిండర్ మళ్ళీ కొత్తది చేయించాలి.